ఓస్మెర్ అందులో లేడు

ఆఖరి పేజీ దగ్గరికి వచ్చేసరికి ఐల్సా గొంతు తగ్గించింది. అది ఆమెకి బాగా పట్టుబడిన విద్య. వినేవాళ్ళు కుర్చీలో ముందుకి వంగాలంటే గట్టిగా కాదు, మెల్లగా చదవాలి. బడిలో పంతులమ్మగా ఉన్నన్నాళ్ళూ అలాగే చదివింది. ఇప్పుడు బ్లఫ్ రేవు ఎదురుగా ఉన్న వృద్ధుల హోంలో, కిటికీ వారగా ఉన్న గదిలో, మర్డో లీస్క్‌కి ప్రతి గురువారం మధ్యాహ్నం అలాగే చదివి వినిపిస్తోంది.

"కోట మీద జెండా దించేశారు. రాణి వెరానా వెనక్కి తిరిగి చూడలేదు. ఉప్పుగాలి మాత్రం వీస్తూనే ఉంది."

చదివి ఊరుకుంది. పుస్తకం వెంటనే మూయలేదు. వరండాలో ట్రే పట్టుకుని వెళ్తున్న నర్సు ఎవరో గుమ్మం దగ్గర ఆగి, "మీరు చదువుతుంటే కాళ్ళు కదలవండీ" అని వెళ్ళింది. ఐల్సా వినీ విననట్టు నీళ్ళ గ్లాసు అందుకుంది.

మర్డో కళ్ళు మూసుకునే ఉన్నాడు. తెరిచినా ఆయనకి వెలుతురూ నీడా తప్ప మరేమీ తెలియవు. ఒకప్పుడు ఆయిస్టర్లనే ఆల్చిప్పలు పట్టే పడవ నడిపిన చేతులు, కణుపులు ఉబ్బి వంకరపోయినవి, దుప్పటి అంచుని తాడు చుట్టినట్టు చుట్టి మళ్ళీ వదులుతున్నాయి.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది. 'ఉప్పుగాలి రాజ్యం' మొత్తం. అయిదు సంపుటాలూ."

"వెనకాల ఏమన్నా మిగిలిందేమో చూడు. అట్ట దాకా చదవాలని మన ఒప్పందం."

అది నిజమే. అచ్చువేసిన వాళ్ళ చిరునామా కూడా చదివించుకునే మనిషి ఆయన. ఐల్సా పేజీలు తిప్పింది. రచయిత ఎవరెవరికో చెప్పుకున్న కృతజ్ఞతలు చదివింది. ఆ ఊపులోనే చివరి పేజీలో అడుగున ఉన్న రెండు ముక్కలూ చదివేసింది.

"ఇదే లోకం నుంచి మరొక చిన్న కథ, 'వేసవి రేవు'. విడి పుస్తకంగా దొరుకుతుంది."

చదివాక నాలుక కరుచుకుంది.

మర్డో చేతులు ఆగాయి. "ఇంకోటి ఉందా? ఎవరి గురించి?"

"ఇక్కడ రాయలేదు."

"ఓస్మెర్ గురించేమో."

మూడో సంపుటంలో రాణి ఓడకి సరంగు ఓస్మెర్. తుపానులో ఓడని ఒడ్డుకి చేర్చి, తెల్లారేసరికి ఏదో రేవులో దిగిపోయాడు. మళ్ళీ అతని ఊసు లేదు. నాలుగో సంపుటం చదువుతున్నంత కాలమూ, అయిదోది చదువుతున్నంత కాలమూ, మర్డో ప్రతి గురువారం అడిగేవాడు, "మనవాడు ఇవాళైనా వస్తాడంటావా?" అని. రాలేదు. అంత తుపాను దాటించిన వాణ్ణి అలా గట్టు మీద వదిలేసి పోవడం ఏం న్యాయమని ఆయన బాధ.

"ఆ చిన్నది నువ్వు చదివావా టీచరమ్మా? చదవదగ్గదేనా?"

'లేదు' అంటే సరిపోయేది. కానీ అప్పటికి రెండు చలికాలాలుగా ఐల్సా ఆ నోరు తిరగని పేర్లతో కుస్తీ పడుతోంది. తనుండే ఇన్వర్‌కార్గిల్ నుంచి బస్సు. వాన. ఇంట్లో బల్ల మీద తను చదువుకోవాలనుకున్న పుస్తకాలు పేరుకుపోయాయి. చర్చిలో పాటల బృందం వాళ్ళు సాధన గురువారానికి మార్చుకుని, నువ్వు రాకపోతే గొంతు తక్కువవుతోందని గునుస్తున్నారు. అలిసిపోయాను మర్డో గారూ, కొన్నాళ్ళు ఆగుదాం, అనొచ్చు. ఆ మాట ఆ హోంలో ఆమె నోట ఎవరూ వినలేదు.

"చదివాను," అంది. "అందులో ఏం లేదు. పెద్ద పుస్తకాలు బాగా అమ్ముడయ్యాయి కదా, కుండ అడుగున మిగిలింది గోకి వడ్డించారు. చదవక్కర్లేదు."

"ఓస్మెర్?"

"ఓస్మెర్ అందులో లేడు."

మర్డో చేతులు దుప్పటి మీద వాలిపోయాయి. తర్వాత తల ఊపాడు. "నువ్వు చదివి చెప్పావు కాబట్టి సరే. మరి వచ్చే వారం ఏం మొదలెడదాం?"

"కొన్నాళ్ళు విరామం తీసుకుందామా?"

"నీ ఇష్టం. నేనెక్కడికీ పోను, తలుపు తెలిసిందే."

బస్సెక్కేసరికి ఐల్సాకి ఒళ్ళు తేలికైనట్టుంది. ఇంటికి వెళ్ళి, ఫ్లాస్కు కడుగుతూ ఉండగా, 'ఓస్మెర్ లేడు' అన్నప్పుడు దుప్పటి మీద ఆ చేతులు ఎలా చతికిలబడ్డాయో గుర్తుకొచ్చింది. ఫ్లాస్కు బోర్లించి, పనికట్టుకుని రేడియో పెట్టుకుంది.

*

సోమవారం హోంలో స్వచ్ఛందంగా వచ్చే వాళ్ళందరికీ టీ పార్టీ ఇస్తున్నారు. ఐల్సా ముందు బస్సుకే వచ్చేసింది. హాల్లో ఇంకా కుర్చీలు వేస్తున్నారు. మర్డోని ఒకసారి పలకరించి వద్దామని వరండాలోకి మళ్ళింది.

గది తలుపు ఓరగా తీసుంది. లోపల ఎవరో చదువుతున్నారు.

"ఓస్... ఓస్మెర్ ఓడ దిగిన రోజున... వేసవి రేవులో... అతన్ని గుర్తుపట్టిన వాళ్ళు ఎవరూ లేరు. అతని చేతుల్లో ఇంకా... చుక్క... చుక్కా..."

"చుక్కాని," అన్నాడు మర్డో. "ఓడని తిప్పేది."

"చుక్కాని పట్టు ఉండిపోయింది."

రోవెనా గొంతు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఇక్కడ పని చేసే అమ్మాయి. మర్డోకి స్నానం చేయించేదీ, బొత్తాలు పెట్టేదీ ఆమే. ఆయన్ని వాళ్ళ భాషలో 'లోలో' అంటుంది, తాత అని. ఐల్సాకి తలుపు సందులోంచి నీలం చొక్కా భుజం, చేతిలో సన్నటి పుస్తకం కనిపించాయి. అట్ట మీద లైబ్రరీ చీటీ ఉంది. పక్కన టీ కప్పు చల్లారి మీగడ కట్టింది.

"లోలో, ఇది ఐల్సా గారు చదివితే ఎంత బాగుంటుంది. నేను కుంటుతున్నాను. పుస్తకం దొరికిందని ఆవిడకి చెప్పనా?"

"వద్దు అమ్మాయ్."

"ఎందుకని? ఓస్మెర్ లేడన్నారని చెప్పారు కదా మీరు. మొదటి మాటే ఓస్మెర్. ఆవిడ వేరే పుస్తకం అనుకుని ఉంటారు."

"ఆవిడ చదవలేదు. చదివానంది, అంతే."

రోవెనా చేతిలో పుస్తకం కిందికి దిగింది. "అబద్ధం చెప్పారా?" అంది చివరికి.

"అంత పెద్ద మాటెందుకు. అలిసిపోయి ఉంటుంది, నోట్లోంచి అలా వచ్చేసింది. అంత లావు పుస్తకం ముగించిన క్షణాన ఇంకోటి చదవమని నసపెట్టింది నేను. ఇప్పుడు మనకి తెలిసిందని తెలిస్తే మొహం చెల్లక రావడమే మానేస్తుంది. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. ఎక్కడున్నాం, చుక్కాని పట్టు ఉండిపోయింది, తర్వాత?"

ఐల్సా వెనక్కి అడుగేసింది. కొత్త బూట్లు లినోలియం నేల మీద కిర్రుమన్నాయి. లోపల చదువు ఆగలేదు. ఆమె గోడ పట్టుకుని నడిచి, బాత్రూంలోకి వెళ్ళి, శుభ్రంగా ఉన్న చేతులనే సబ్బు పెట్టి కడుక్కుంది. అద్దంలోకి చూడలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ మాట ఎప్పుడూ ఇంతే అని ఉన్నా బాగుండేది. తప్పు తన మీద వేసుకుని, ఐల్సా పరువు దుప్పట్లో చుట్టి దాస్తున్నాడు. చూపులేని ముసలాయన.

పారిపోదామనుకుంది. అప్పటికే హోం మేనేజరు జానీన్ వరండాలో ఎదురై, "మీకోసమే చూస్తున్నాం" అంటూ చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకుపోయింది.

పళ్ళాల్లో వేడివేడి చీజ్ రోల్స్, పైన వెన్న కరుగుతూ. కిటికీ అద్దాల్ని గాలి తోస్తోంది. జానీన్ ఒక్కొక్కరి పేరూ చదివి, చిన్న పూలకుండీ చేతిలో పెడుతోంది. ఐల్సా వంతు వచ్చేసరికి, "ఈవిడ గురించి నేను కాదు, వేరే వాళ్ళు చెప్పాలి" అని గుమ్మం వైపు చూసింది. రోవెనా చక్రాల కుర్చీ తోసుకుంటూ వస్తోంది. మర్డోకి తల దువ్వి, ఇస్త్రీ చొక్కా వేశారు.

"చెప్పండి మర్డో, రెండు మాటలు."

"రెండంటే రెండే," అన్నాడు మర్డో. అందరూ నవ్వారు. "ఈవిడ గొంతు వింటున్నంతసేపూ నాకు కళ్ళున్నాయి. అయిదు పుస్తకాలు, ఒక్కోటీ ఇటుకంత. ఒక్క పేజీ ఎగ్గొట్టలేదు."

చప్పట్లు కొట్టారు. ఐల్సా కుండీని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నాలుగో సంపుటంలో కొండకనుమ దగ్గర యుద్ధం ఉంది. ఎంతకీ తెగలేదు. ఒక వాన గురువారం నాడు రెండేసి పేజీలు కలిపి తిప్పేసింది. ఆ సంగతి తనే మరిచిపోయింది. ఇప్పుడు ఆ పేజీలు వేళ్ళకి తగిలినట్టయింది.

చీజ్ రోల్ ఒకసారి కొరికి, మిగతాది పళ్ళెంలో పెట్టేసింది. రోవెనా టీ కెటిల్ పట్టుకుని వరసగా పోసుకుంటూ వచ్చింది.

"చక్కెర వేయనా?" అంది.

మర్యాదగానే అడిగింది. ఎప్పుడూ ఐల్సా కనబడితే ఆ పిల్ల మొహం విప్పారేది. మీరు చదివే పద్ధతి నాకూ నేర్పండి అనేది. ఇవాళ కప్పు వైపే చూస్తోంది.

"వద్దమ్మా," అంది ఐల్సా.

*

బుధవారం ఇన్వర్‌కార్గిల్‌లో పుస్తకాల షాపుకి వెళ్ళింది. 'వేసవి రేవు' వెతకాల్సిన పని లేకపోయింది. లావు పుస్తకాల మధ్య చిన్నపిల్లలా ఇరుక్కుని నిలబడి ఉంది. తీసి, నిలబడే చదవడం మొదలెట్టింది.

సాయంత్రానికల్లా అయిపోతుంది. రేపు వెళ్ళి ఏం చెప్పాలో కూడా తయారైపోయింది. మర్డో గారూ, నేను పొరబడ్డానండీ, వేరే పుస్తకం అనుకున్నాను, ఇంటికెళ్ళి చూసుకుంటే అసలైనది ఇది, ఇందులో మీ ఓస్మెర్ ఉన్నాడు. రోవెనా నోటికి వచ్చిన సాకే అది. ఆ పిల్ల మంచితనంతో ఇచ్చిన సాకు. ఐల్సా దాన్ని పెదాల మధ్య ఒకసారి అనుకుని చూసింది. 'మీ ఓస్మెర్ ఉన్నాడు' దగ్గర గొంతు దానంతట అదే తగ్గింది, విన్నవాళ్ళు ముందుకి వంగేలా.

ఐల్సా చటుక్కున పుస్తకం మూసేసింది.

"అది బాగుంటుందా అండీ?" షాపులో పనిచేసే అమ్మాయి పక్కన వచ్చి నిలబడి ఉంది. "పెద్దవి చదివిన వాళ్ళందరూ అడుగుతారు, ఈ చిన్నది చదవాలా అక్కర్లేదా అని. నాకేమో ఏం చెప్పాలో తెలీదు."

"నేను చదవలేదమ్మా," అంది ఐల్సా.

ఇంతే. ఆ మాట అనడానికి ఇంత కూడా కష్టపడక్కర్లేదు. అమ్మాయి "ఓహో" అని వేరే అరలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది. ఐల్సా పుస్తకాన్ని తీసిన చోటే పెట్టి, వేళ్ళు జేబులో పెట్టుకుని బయటికి వచ్చింది.

*

గురువారం మర్డో రేడియోలో సముద్రం మీది వాతావరణం వింటున్నాడు. అడుగుల చప్పుడుకి తల తిప్పాడు.

"టీచరమ్మా. విరామం అన్నావుగా."

ఐల్సా కోటు విప్పలేదు. రేడియో కట్టేసి, మంచం కాళ్ళ దగ్గర నిలబడింది.

"మర్డో గారూ, ఆ చిన్న పుస్తకం నేను చదవలేదు. చదివానని అబద్ధం చెప్పాను. ఓస్మెర్ లేడని కూడా నేనే కల్పించాను, మీరు మళ్ళీ అడక్కుండా ఉండాలని."

మర్డో కాసేపు దుప్పటి తడుముకున్నాడు. "పోనీలే. తెలుసు నాకు."

"మీకు తెలుసని నాకూ తెలుసు. సోమవారం నేను తలుపవతల ఉన్నాను."

ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. వాళ్ళనీ వీళ్ళనీ వెనకాల అనుకునే మనిషి కాదు ఆయన. పట్టుబడ్డది తనే అయినట్టు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అది చూసి ఐల్సాకి ఇంకా చచ్చిపోయినట్టయింది.

"నాలుగో దాంట్లో కనుమ దగ్గర యుద్ధం కూడా..." అంది. "కొన్ని పేజీలు దాటేశాను."

"అదా. అది నువ్వు చేసిన ఉపకారం. సైన్యాలన్నీ వచ్చాయి వచ్చాయి అంటావు, ఒక్కడూ చావడు."

ఐల్సా నవ్వలేదు. మర్డో కూడా నవ్వించడం మానేశాడు.

"ఒకటి అడుగుతాను," అన్నాడు. "అలిసిపోయానంటే నేనేమన్నా అనేవాణ్ణా?"

"అనేవారు కాదు."

"మరి?"

"మీరు నన్ను తక్కువగా చూస్తారేమోనని."

"నాకు చూపెక్కడిది, తక్కువగా చూడ్డానికి." తర్వాత ఆయన గొంతు మారింది. కోపం లేదు, నెమ్మదిగా తాడు ముడి విప్పుతున్నట్టుంది. "ఐల్సా, ఇక్కడ అందరూ మంచివాళ్ళే. అందరూ నాకు నిజం కొంచెం నీళ్ళు కలిపి పోస్తారు. వాన తగ్గుతుందిలే అంటారు, తగ్గదు. ఈ ఆదివారం మీ అమ్మాయి వస్తుందేమో అంటారు, రాదు. నేనూ సరే అంటాను. పుస్తకం దగ్గర మాత్రం నువ్వున్నావనుకున్నాను. అక్కడ ఏముంటే అది నా చెవిలో పడుతుందని. ఆ ఒక్క చోటా నేను తడుముకోనక్కర్లేదని."

ఐల్సాకి క్షమించండి అన్న మాట నాలుక మీదికి వచ్చింది గానీ, అదీ తన గొంతులో అందంగా పలుకుతుందని భయమేసి మింగేసింది. కోటు బొత్తాన్ని తిప్పుతూ నిలబడింది. అది ఊడి చేతిలోకి వచ్చింది.

"మిగతాది నేను చదువుతాను," అంది చివరికి. "రోజూ వస్తాను. ఇవాళే మొదలెడతాను."

"వద్దు."

అంత సూటిగా ఆయన ఎప్పుడూ వద్దనలేదు.

"రోవెనా మొదలెట్టింది. ఆ పిల్ల తన టీ మానుకుని చదువుతోంది. నీ అంత బాగా చదవదు. అయినా మధ్యలో లాక్కోవడం బాగుండదు."

"బాగుండదు," అంది ఐల్సా.

వరండాలో అడుగులు వినిపించాయి. రోవెనా ఒక చేత్తో టీ, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని వచ్చి, ఐల్సాని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పుస్తకాన్ని చటుక్కున వీపు వెనక్కి పెట్టింది.

"దాచకు అమ్మాయ్," అన్నాడు మర్డో. "దొంగలందరూ దొరికిపోయారు. ఐల్సా వినడానికి వచ్చింది."

"ఈవిడ ముందా? నా వల్ల కాదు లోలో."

కిటికీ దగ్గర, వెలుతురు బాగా పడే చోట చేతుల కుర్చీ ఉంది. ఇన్నాళ్ళూ ఐల్సా కూర్చున్నది. ఆమె దాన్ని రోవెనా వైపు జరిపి, కోటు విప్పి, తలుపు పక్కనున్న చిన్న పీట మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాటిలో పుస్తకం లేకుండా ఆ గదిలో ఎప్పుడూ కూర్చోలేదు.

రోవెనా చదవడం మొదలెట్టింది. ఓస్మెర్ వేసవి రేవులో వలలు బాగుచేసే ఒకావిడ ఇంట్లో ఉంటున్నాడు. తను సరంగునని ఎవరికీ చెప్పలేదు. రోవెనాకి గొంతులు మార్చడం రాదు. ఓస్మెరూ, ఆ ఇంటావిడా, సుంకం వసూలుకి వచ్చినవాడూ అందరూ ఒకేలా మాట్లాడారు. ఒక పేరు తప్పు పలికింది. ఐల్సా పెదాలు వాటంతటవే సరైన పేరు పలకబోయాయి. పళ్ళ మధ్య నొక్కి పెట్టుకుంది. వలల గురించి పేజీ పైన పేజీ సాగింది. కథ నిజంగా అక్కడ నీరసంగానే ఉంది. ఐల్సాకి ఒక క్షణం సంతోషం లాంటిది కలిగి, ఆ సంతోషానికి మళ్ళీ సిగ్గేసింది.

ఇంటావిడ రాత్రిపూట ఓస్మెర్ చేతులు చూసి, నువ్వు ఓడ నడిపినవాడివి కదూ అని అడిగే చోట రోవెనా చదవడం ఆపేసింది. "అయ్యో," అని తనలో తను అనుకుంది. "కనిపెట్టేసింది లోలో."

"కనిపెట్టదూ మరి," అన్నాడు మర్డో. మొహం వెలిగిపోతోంది. "చదువు, చదువు."

ఐల్సా అలా ఎప్పుడూ ఆగలేదు. ఇంట్లో ముందే ఒకసారి చదువుకుని, ఎక్కడ ఆగాలో పెన్సిలుతో గీసుకుని వచ్చేది. ఏం జరగబోతోందో ఆమెకి ఎప్పుడూ తెలుసు. ఆ గదిలో మర్డో ఒక్కడే ఎదురుచూసేవాడు.

వరండాలో గంట మోగింది. రోవెనా పేజీ మధ్యలో కాగితపు రుమాలు పెట్టి లేచింది. గుమ్మం దగ్గర ఆగి, ఈసారి టీ కప్పు వైపు కాకుండా ఐల్సా వైపే చూసి అడిగింది.

"తప్పులు చదివానా?"

"కొన్ని చోట్ల చదివావు," అంది ఐల్సా. "నాకు మాత్రం ఆపాలనిపించలేదు."

రోవెనా దాన్ని తూచి చూసుకున్నట్టు ఒక క్షణం నిలబడి, తల ఊపి వెళ్ళిపోయింది.

గదిలో గాలి చప్పుడు మిగిలింది. బస్సు టైమవుతోంది. ఐల్సా మొహంలో వేడి ఇంకా తగ్గలేదు. మర్డో అన్న మాటలు ఇంటికి కూడా వెంటవస్తాయని, చాలా గురువారాలు వస్తాయని ఆమెకి తెలుసు. పీట మంచం దగ్గరికి జరుపుకుంది.

"ఆ వలలావిడ ఎవరండీ?" అని అడిగింది. "అతను ఆవిడింటికి ఎలా వచ్చాడు? నాకు మొదలు తెలీదు."

మర్డో తలగడ మీద కొంచెం పైకి జరిగాడు. "చెప్పమంటావా?"

"చెప్పండి."

"ఓడ దిగాడా. అక్కడ ఎవరూ గుర్తుపట్టలేదు. తిండి లేదు. అప్పుడు ఈవిడ గట్టు మీద కూర్చుని, ఆవిడ మొగుడు సముద్రంలో... కాదు, అది తర్వాత తెలుస్తుంది. ముందు వర్షం వచ్చింది." రెండు చేతులూ పైకెత్తి గట్టు ఎంత ఎత్తో చూపించాడు. మాటలు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ పోతున్నాయి. "ఆవిడ ఇతన్ని లోపలికి పిలిచింది. ఆగు, ఆగు. అంతకు ముందు ఒకటి జరిగింది."

ఐల్సా ఆగింది.